ఉత్తరాంధ్రలో గణకశాస్త్ర దూరవిద్య

ఉత్తరాంధ్రలో గణకశాస్త్ర దూరవిద్య అనగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందిన విద్యార్థులు ప్రతిదినం కళాశాలకు హాజరు కాకుండా ముద్రిత పాఠాలు, సెలవుదినపు తరగతులు లేదా అంతర్జాలం ద్వారా వాణిజ్యశాస్త్రాన్ని, అందులో ప్రధానభాగమైన గణకశాస్త్రాన్ని (అకౌంటింగు) అభ్యసించి పట్టా పొందే విధానం. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపి దుకాణంలోనో, మిల్లులోనో, ప్రైవేటు కార్యాలయంలోనో పనిలో చేరినవారు, వివాహానంతరం చదువు నిలిచిపోయిన స్త్రీలు, వలస వెళ్ళిన యువకులు ఈ విధానాన్ని ఎక్కువగా ఆశ్రయిస్తారు.

ఈ చదువు ఫలించుటకు రెండు విషయాలు ముఖ్యం. మొదటిది, పట్టా ఇచ్చే సంస్థకు, ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి గుర్తింపు ఉండుట. రెండవది, లెక్కలను విద్యార్థి తన చేతితో వ్రాసి నేర్చుకొనుట. మొదటిది లేకపోతే రుసుముతో పాటు సంవత్సరాలు కూడా వృథా అవుతాయి. రెండవది లేకపోతే పట్టా చేతికి వచ్చినా పని చేతికి రాదు.

ప్రాంతీయ నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగష్టు 15న విశాఖపట్నం జిల్లా నుండి వేరుపడి ఏర్పడినది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో పార్వతీపురం మన్యం జిల్లా అవతరించినది. అప్పుడే పాలకొండ ప్రాంతం మన్యం జిల్లాలోనికి, రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలోనికి మారినవి. అందువలన ఈ ప్రాంతపు విద్యార్థుల పాత ధృవపత్రాలలో ఒక జిల్లా పేరు, కొత్త పత్రాలలో వేరొక జిల్లా పేరు కనిపించవచ్చును.

ఈ ప్రాంతంలో ఉన్నత విద్యకు పాత చరిత్ర ఉన్నది. విజయనగరంలోని మహారాజా కళాశాల 1857లో పాఠశాలగా ప్రారంభమై 1879లో కళాశాల అయినది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడినది. అయినప్పటికీ ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం నుండి విశాఖపట్నానికి రెండు వందల కిలోమీటర్లకు పైబడి దూరం ఉన్నది. ఏజెన్సీ గ్రామాల నుండి కళాశాల ఉన్న పట్టణానికి చేరుట మరింత కష్టం. ఇంటి ఆదాయం మీద ఆధారపడిన కుటుంబాలలో చదువు మానుటకు దూరం ఒక్కటే కారణం కాదు. ఆ దినపు కూలి పోవుట కూడా ఒక కారణం. దూరవిద్యకు ఈ ప్రాంతంలో గిరాకీ ఏర్పడుటకు మూలం ఇదే.

లెక్కలు వ్రాయగలవారి అవసరం కూడా ఇక్కడ తక్కువేమీ కాదు. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారానికి ప్రసిద్ధి పొందినవి. విజయనగరం, నెల్లిమర్ల, రాజాం జనపనార మిల్లులకు పేరుపొందినవి. పైడిభీమవరంలో ఔషధ కర్మాగారాలు, గరివిడిలో ఫెర్రో మిశ్రలోహాల పరిశ్రమ, రెండు జిల్లాలలోను ధాన్యపు మిల్లులు, చేపల, రొయ్యల వ్యాపారం ఉన్నవి. వీటిలో ప్రతి ఒక్కదానికి సరుకు లెక్క, కూలి లెక్క, పన్ను లెక్క వ్రాయువారు కావలెను. పూర్వం గ్రామాలలో భూమి శిస్తు లెక్కలు వ్రాసిన కరణాల వ్యవస్థ 1984లో రద్దయినది. వర్తకుల వద్ద పద్దులు వ్రాసే గుమాస్తాల పని క్రమంగా కంప్యూటరు మీదికి మారినది.

చరిత్ర

భారతదేశంలో విశ్వవిద్యాలయ స్థాయి ఉత్తర ప్రత్యుత్తర విద్య 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైనది. బ్రిటన్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం 1969లో ఏర్పడినది. తెలుగు ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సుల విభాగాన్ని నెలకొల్పినది. ఇదే తరువాత దూరవిద్యా విభాగంగా పేరు మార్చుకొన్నది. పోస్టులో వచ్చే పాఠాల కట్ట, సంవత్సరానికి ఒకమారు జరిగే సంపర్క తరగతులు, వార్షిక పరీక్షలు అప్పటి పద్ధతి. ఉత్తరాంధ్రలోని ఎందరో ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, ప్రభుత్వోద్యోగులు ఉద్యోగం చేస్తూ ఈ విధంగా పట్టభద్రులైనారు.

1982 ఆగష్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఇది భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దీని మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. ఇంటర్మీడియట్ చదవనివారు కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేరుటకు ఈ విశ్వవిద్యాలయం అవకాశం కల్పించినది. జిల్లాలలోని కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు ఏర్పాటుచేసి సెలవు దినాలలో తరగతులు నడిపినది. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అని పేరు మార్చినారు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కూడా కొంతకాలం ఈ సంస్థ రెండు రాష్ట్రాలకూ సేవలు అందించినది.

1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఏర్పడినది. రాంరెడ్డి దీనికి కూడా మొదటి ఉపకులపతి. ఇగ్నోకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదికను ప్రారంభించినది. అంతర్జాలం సరిగా అందని ఇళ్ళ కొరకు స్వయంప్రభ పేరుతో డీటీహెచ్ టెలివిజన్ ఛానళ్ళు కూడా ఏర్పాటైనవి. 2020లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) దూరవిద్యకు, ఆన్‌లైన్ విద్యకు కలిపి ఒకే నిబంధనావళిని వెలువరించినది.

నామసామ్యం

ఈ ప్రాంతపు విద్యార్థులను తరచు తికమకపరచే విషయం ఒకటి ఉన్నది. శ్రీకాకుళం సమీపాన ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయం పేరు కూడా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమే. ఇది జిల్లాలోని కళాశాలలకు అనుబంధాన్నిచ్చే రాష్ట్ర విశ్వవిద్యాలయం. హైదరాబాదులోని సార్వత్రిక విశ్వవిద్యాలయం వేరు. దరఖాస్తులో గాని, ఉద్యోగ ప్రకటనకు జవాబులో గాని పేరు వ్రాయునపుడు సార్వత్రిక అనే మాట ఉన్నదా లేదా అనేది చూచుకొనవలెను.

అసోసియేట్ డిగ్రీ, భారతీయ విధానం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అసోసియేట్ డిగ్రీ అనే రెండు సంవత్సరాల పట్టా ఉన్నది. దీనిని ముఖ్యంగా కమ్యూనిటీ కళాశాలలు ఇస్తాయి. ఇటువంటి కళాశాలలలో పాతదిగా చెప్పబడే జోలియట్ జూనియర్ కళాశాల 1901లో ఏర్పడినది. సాధారణంగా 60 సెమిస్టరు క్రెడిట్లు గల ఈ పట్టాతో గుమాస్తా స్థాయి అకౌంటింగు ఉద్యోగంలో చేరవచ్చును, లేదా నాలుగేళ్ళ డిగ్రీలో మూడవ సంవత్సరానికి ప్రయత్నించవచ్చును. ఈ పట్టాను ఆన్‌లైన్‌లో ఇచ్చే కళాశాలలు కూడా అక్కడ ఉన్నవి.

భారతదేశంలో ఈ పేరుతో పట్టా లేదు. 2020 జాతీయ విద్యావిధానం తరువాత దీనికి దగ్గరగా ఉండే ఏర్పాటు వచ్చినది. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక ప్రకారం చదువు మధ్యలో ఆపవలసి వచ్చినవారికి కూడా అర్హతాపత్రం లభించును.

- మొదటి సంవత్సరం చివర 40 క్రెడిట్లతో సర్టిఫికెట్
- రెండవ సంవత్సరం చివర 80 క్రెడిట్లతో డిప్లొమా
- మూడవ సంవత్సరం చివర 120 క్రెడిట్లతో డిగ్రీ
- నాలుగవ సంవత్సరం చివర 160 క్రెడిట్లతో ఆనర్సు డిగ్రీ

మొదటి రెండు స్థాయిలలో ఆపేవారు అదనంగా 4 క్రెడిట్ల వృత్తి శిక్షణ పూర్తిచేయవలెను. సంపాదించిన క్రెడిట్లు 2021లో ఏర్పాటైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి పేరున జమ అవుతాయి. తిరిగి చదువు కొనసాగించునపుడు వాటిని వినియోగించుకొనవచ్చును. రెండవ సంవత్సరపు డిప్లొమా అసోసియేట్ డిగ్రీకి పోలికగలదే గాని, అది పట్టభద్రత కాదు. డిగ్రీ అర్హతగా అడిగిన ఉద్యోగ పరీక్షలకు ఇది చాలదు.

గుర్తింపు

దూరవిద్యను పర్యవేక్షించుటకు 1991లో ఇగ్నో కింద దూరవిద్యా మండలి ఏర్పడినది. 2013లో ఆ బాధ్యత యూజీసీకి మారినది. ఇప్పుడు యూజీసీలోని దూరవిద్యా విభాగం ఏ సంస్థ, ఏ కోర్సును, ఏ విద్యా సంవత్సరంలో, ఏ పద్ధతిలో నడుపవచ్చునో జాబితాలు ప్రకటిస్తుంది. గుర్తింపు సంస్థ మొత్తానికి శాశ్వతంగా ఇచ్చేది కాదు. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక కోర్సుకు అనుమతి ఉండి మరొకదానికి లేకపోవచ్చును. దూరవిద్యకు అనుమతి ఉండి ఆన్‌లైన్ పద్ధతికి లేకపోవచ్చును. అందువలన సంస్థ పేరు ప్రసిద్ధమైనది అనుట మాత్రమే చాలదు.

యూజీసీ 2022 సెప్టెంబరులో వెలువరించిన ప్రకటన ప్రకారం, గుర్తింపు గల సంస్థ నుండి దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని పొందిన డిగ్రీ, కళాశాలలో చదివి పొందిన డిగ్రీతో సమానం. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఒకేసారి రెండు కోర్సులు చదువుటకు కూడా అనుమతి లభించినది. అనగా కళాశాలలో బీఏ గాని, బీఎస్సీ గాని చదువుతున్న విద్యార్థి ఆన్‌లైన్‌లో వాణిజ్యశాస్త్రపు కోర్సు చేయవచ్చును.

చేరుటకు ముందు పరిశీలించవలసిన విషయాలు ఇవి.

- ఆ కోర్సు, ఆ సంవత్సరానికి, ఆ పద్ధతికి యూజీసీ జాబితాలో ఉన్నదా.
- రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యను తన పరిధిలోనే నడుపుతున్నదా. ఆన్‌లైన్ కోర్సులకు మాత్రం ఇటువంటి ప్రాదేశిక పరిమితి లేదు.
- చేర్చుకొనువారు విశ్వవిద్యాలయమా, లేక మధ్యవర్తియా. ఫ్రాంచైజీ పద్ధతిలో అధ్యయన కేంద్రాలు నడుపుట నిషిద్ధం.
- రుసుము విశ్వవిద్యాలయం ఖాతాకే చేరుతున్నదా, రసీదు దాని పేరున ఉన్నదా.
- విద్యార్థికి డెబ్-ఐడీ ఉన్నదా. 2024 నుండి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులలో చేరుటకు ఈ గుర్తింపు సంఖ్య తప్పనిసరి. దీనిని విద్యార్థి స్వయంగా పొందవలెను.

పరీక్ష వ్రాయకుండానే పట్టా ఇప్పిస్తామనువారు, ఒకే సంవత్సరంలో మూడేళ్ళ డిగ్రీ పూర్తిచేయిస్తామనువారు చెప్పేది ఏ నిబంధనకూ లోబడినది కాదు. గుర్తింపు విషయంలో జరిగిన పొరపాటు ఎంత దూరం పోవునో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలుపుతుంది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలపై ఆ తీర్పు వచ్చినది. 2001 - 2005 మధ్య చేరినవారి పట్టాలను నిలుపుదలచేసి మరల పరీక్ష వ్రాయవలెనని, ఆ తరువాత చేరినవారి పట్టాలు చెల్లవని కోర్టు తీర్మానించినది. అప్పటికి ఆ పట్టాలతో ఉద్యోగాలలో చేరి పదోన్నతులు పొందినవారు కూడా ఉన్నారు. ఆ తీర్పు ఇంజనీరింగుకు సంబంధించినదైనను, పట్టా చేతికి వచ్చిన ఎన్నో సంవత్సరాల తరువాత కూడా గుర్తింపు ప్రశ్న ఎదురుకావచ్చుననుటకు అది నిదర్శనం.

ఇంటర్మీడియట్ లేనివారికి రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలను నిర్వహిస్తుంది. ముందుగా ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీలో చేరినవారికి తరువాతి ఉద్యోగ పరీక్షలలో చిక్కులు తక్కువ.

పాఠ్యాంశాలు, పారిభాషిక పదాలు

బీకాంలో సాధారణంగా ఆర్థిక గణకశాస్త్రం, వ్యయ గణకశాస్త్రం, కంపెనీ ఖాతాలు, ఆడిటింగు, ఆదాయపు పన్ను, వస్తుసేవల పన్ను, వ్యాపార చట్టం, గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఉంటాయి. జంటపద్దు విధానం వీటన్నిటికీ పునాది. ఈ విధానాన్ని ఇటలీకి చెందిన లూకా పాసియోలి 1494లో వెనిస్‌లో ముద్రితమైన గణితగ్రంథంలో వివరించినాడు.

తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివినవారికి ఈ పదాలు తెలుగులోనే పరిచయం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలను తెలుగులో ప్రచురించినది. వర్తకులు వాడుకలో ఉంచిన చిట్టా, ఆవర్జా వంటి మాటలు ఆ పుస్తకాలలో స్థిరపడినవి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2021-22 నుండి ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడినది. ఆన్‌లైన్ పాఠాలు కూడా ఎక్కువగా ఆంగ్లంలోనే ఉన్నవి. విషయం తెలిసి కూడా పదం తెలియక ఆగిపోయే విద్యార్థులకు ఈ క్రింది పట్టిక ఉపకరించును.

- చిట్టా: జర్నల్. వ్యవహారాన్ని జరిగిన వరుసలో మొదట నమోదుచేసే పుస్తకం.
- ఆవర్జా: లెడ్జర్. చిట్టాలోని పద్దులను ఖాతాల వారీగా విడదీసి వ్రాసే పుస్తకం.
- సహాయక చిట్టాలు: సబ్సిడరీ బుక్స్. కొనుగోళ్ళు, అమ్మకాలు, వాపసుల వంటి వాటికి వేర్వేరుగా ఉంచే పుస్తకాలు.
- అంకణా: ట్రయల్ బ్యాలెన్స్. అన్ని ఖాతాల నిల్వలను ఒకచోట చేర్చి రెండు వైపులా సరిపోయినవో లేదో చూచే పట్టిక.
- తరుగుదల: డిప్రిసియేషన్. వాడకం వలన ఆస్తి విలువలో ప్రతి సంవత్సరం తగ్గే భాగం.
- లాభనష్టాల ఖాతా: ప్రాఫిట్ అండ్ లాస్ అకౌంట్.
- ఆస్తి అప్పుల పట్టీ: బ్యాలెన్స్ షీట్. ఒక నిర్ణీత దినాన వ్యాపారపు ఆస్తులను, అప్పులను చూపే పట్టిక.

ఖాతాలు మూడు రకాలు. వ్యక్తిగత ఖాతాలో పుచ్చుకొనేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్. వాస్తవిక ఖాతాలో వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్. నామమాత్రపు ఖాతాలో ఖర్చులకు, నష్టాలకు డెబిట్. ఆదాయాలకు, లాభాలకు క్రెడిట్.

ఒక ఉదాహరణ

పలాసలో ఒక వర్తకుడు రూ. 50,000 నగదుతో జీడిపప్పు వ్యాపారం ప్రారంభించినాడనుకొందాం. రూ. 30,000 విలువగల సరుకు నగదుకు కొన్నాడు. కొంత సరుకును ఒక మిఠాయి దుకాణానికి రూ. 20,000కు అరువుపై అమ్మినాడు. చిట్టాలో ఈ మూడు పద్దులు ఇట్లుండును.

- నగదు ఖాతాకు డెబిట్ రూ. 50,000, మూలధనం ఖాతాకు క్రెడిట్ రూ. 50,000
- కొనుగోళ్ళ ఖాతాకు డెబిట్ రూ. 30,000; నగదు ఖాతాకు క్రెడిట్ రూ. 30,000
- మిఠాయి దుకాణం ఖాతాకు డెబిట్ రూ. 20,000, అమ్మకాల ఖాతాకు క్రెడిట్ రూ. 20,000

అంకణాలో డెబిట్ వైపు నగదు రూ. 20,000, కొనుగోళ్ళు రూ. 30,000, మిఠాయి దుకాణం రూ. 20,000, మొత్తం రూ. 70,000. క్రెడిట్ వైపు మూలధనం రూ. 50,000, అమ్మకాలు రూ. 20,000, మొత్తం రూ. 70,000. రెండు వైపులు సరిపోయినవి.

అయితే అంకణా సరిపోయినంత మాత్రాన లెక్కలు సరియైనవని చెప్పలేము. అదే వర్తకుడు రూ. 5,000 పెట్టి త్రాసు కొని దానిని కొనుగోళ్ళ ఖాతాలో వ్రాసినాడనుకొందాం. త్రాసు అమ్ముటకు కొన్న సరుకు కాదు, వ్యాపారంలో ఉంచుకొనే ఆస్తి. ఈ తప్పు వలన ఆ సంవత్సరపు కొనుగోళ్ళు రూ. 5,000 ఎక్కువగా, ఆస్తులు అంతమేరకు తక్కువగా కనిపిస్తాయి. లాభం కూడా తప్పుగా తేలుతుంది. అయినను అంకణా మాత్రం సరిపోతుంది. దీనిని సూత్రదోషం అందురు. తరగతిలో ఉపాధ్యాయుడు నోటుపుస్తకం చూచి ఈ తప్పును ఎర్రసిరాతో గుర్తిస్తాడు. ఒంటరిగా చదువుకొనే విద్యార్థికి సరిపోయిన అంకణాయే మోసం చేస్తుంది. దూరవిద్యలో గణకశాస్త్రం ఇతర విషయాలకంటె కష్టమనుటకు ముఖ్యకారణం ఇదే.

జమ, క్రెడిట్ అనే తికమక

సంప్రదాయ రోజువారీ పుస్తకంలో వచ్చిన నగదును జమగా, పోయిన నగదును ఖర్చుగా వ్రాస్తారు. బ్యాంకు పాసుపుస్తకంలో కూడా వేసిన సొమ్ము జమ లేదా క్రెడిట్ అని కనిపిస్తుంది. దీనిని అలవాటు చేసుకొన్న విద్యార్థి, నగదు వస్తే నగదు ఖాతాకు డెబిట్ చేయవలెననే సూత్రం వద్ద ఆగిపోతాడు.

సమాధానం ఏమనగా, పాసుపుస్తకం బ్యాంకు వ్రాసిన పుస్తకం. ఖాతాదారు సొమ్ము వేసినపుడు అతడు ఇచ్చేవాడు, బ్యాంకు అతనికి బాకీ పడినది. కనుక బ్యాంకు పుస్తకాలలో అతని ఖాతాకు క్రెడిట్. అదే వ్యవహారం ఖాతాదారు సొంత పుస్తకాలలో బ్యాంకు ఖాతాకు డెబిట్, ఎందుకనగా అక్కడ పుచ్చుకొన్నది బ్యాంకు. ఒకే వ్యవహారం రెండు పుస్తకాలలో రెండు వైపుల కనిపించుటకు కారణం, పుస్తకం ఎవరిది అనే భేదమే. ఈ ఒక్క విషయం అర్థమైనవారికి బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక సులభమగును.

కాలము, శ్రమ

ఇగ్నో లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అనగా 30 గంటల అధ్యయనం. ఎంపిక ఆధారిత క్రెడిట్ పద్ధతిలో ఆ సంస్థ నడిపిన సాధారణ బీకాం 132 క్రెడిట్ల కోర్సు. అనగా 3,960 గంటలు. మూడేళ్ళలో పూర్తిచేయుటకు వారానికి సుమారు 25 గంటలు చదువవలెను. ఆ కోర్సుకు అనుమతించిన గరిష్ఠ కాలం ఆరేళ్ళు. ఆరేళ్ళలో పూర్తిచేయువారికి వారానికి 13 గంటల లోపు సరిపోవును. ఉద్యోగం, వ్యవసాయం, ఇంటిపని ఉన్నవారు మొదటి దినముననే ఈ లెక్క వేసికొనుట మంచిది. దూరవిద్యలో మధ్యలో మానుకొనేవారు తెలివి చాలక కంటె సమయం చాలక మానుకొనుట ఎక్కువగా కనిపిస్తుంది.

మార్కులలో సాధారణంగా 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం చివరి పరీక్షకు కేటాయించబడును. అసైన్‌మెంటును ఇతరుల నుండి చూచి వ్రాసినవారు 30 శాతం మార్కులు పొందవచ్చును గాని, తమ తప్పులను తెలిసికొనే అవకాశాన్ని పోగొట్టుకొందురు.

అభ్యాసం

గణకశాస్త్రం చదివి గ్రహించుటకంటె చేసి గ్రహించవలసిన శాస్త్రం. సాధించిన సమస్యను చదువుట, జవాబు మూసి అదే సమస్యను సొంతంగా సాధించుట వేర్వేరు పనులు. ఇంటి ఖర్చులకో, పొలం పెట్టుబడికో, స్వయం సహాయక సంఘపు పొదుపుకో ఒక నెలపాటు చిట్టా, ఆవర్జా, అంకణా వ్రాసినచో పాఠం స్థిరపడును.

ఉద్యోగదాతలు పట్టాతో పాటు టాలీ వంటి సాఫ్ట్‌వేరులో పనిచేయగల సామర్థ్యాన్ని కోరుతారు. 2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను (జీఎస్టీ) అమలులోనికి వచ్చిన తరువాత ఎందరో చిన్న వర్తకులకు కూడా రిటర్నులు, సరుకు రవాణాకు ఈ-వే బిల్లులు అవసరమైనవి. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడే గణక సాఫ్ట్‌వేరులో, పద్దును ఎప్పుడు మార్చినదీ నమోదయ్యే ఏర్పాటు తప్పనిసరి అయినది. తప్పు పద్దును చెరిపివేయక సవరణ పద్దు వ్రాయవలెనని పాఠ్యపుస్తకం చెప్పిన పాత సూత్రమునకు ఇది కొత్త రూపం.

సాఫ్ట్‌వేరు కూడిక తప్పు చేయదు. ఏ ఖాతాకు వ్రాయవలెనో మాత్రం మనిషే నిర్ణయించవలెను. పైన చెప్పిన త్రాసును కొనుగోళ్ళలో వ్రాస్తే కంప్యూటరు అభ్యంతరం చెప్పదు.

పట్టా తరువాత

గుర్తింపు గల డిగ్రీతో డిగ్రీ అర్హతగా గల ప్రభుత్వోద్యోగ పరీక్షలు, బ్యాంకు పరీక్షలు వ్రాయవచ్చును, ఎం.కాం, ఎంబీఏ చదువవచ్చును. వృత్తి సంస్థలలో చేరుటకు కూడా మార్గమున్నది. 1949 చట్టంతో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో, 55 శాతం మార్కులు గల వాణిజ్యశాస్త్ర పట్టభద్రులు ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్మీడియట్ స్థాయిలో చేరవచ్చును. ఇతర పట్టభద్రులకు ఇది 60 శాతం. 2023లో వచ్చిన కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్ శిక్షణాకాలం మూడేళ్ళ నుండి రెండేళ్ళకు తగ్గినది. 1959 చట్టంతో ఏర్పడిన కాస్ట్ అకౌంటెంట్ల సంస్థలో కూడా పట్టభద్రులకు నేరుగా ఇంటర్మీడియట్ ప్రవేశం ఉన్నది. కనుక దూరవిద్యలో ఉత్తీర్ణత మార్కులతో తృప్తిపడుటకు, 55 శాతం దాటుటకు మధ్య తేడా తరువాతి జీవితంలో పెద్దది.

స్థానిక ఇబ్బందులు

ఆన్‌లైన్ విద్యకు విద్యుత్తు, అంతర్జాలం ఆధారం. ఉత్తరాంధ్ర తీరానికి అక్టోబరు మాసం తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు ఈ ప్రాంతాన్ని దెబ్బతీసినవి. తిత్లీ వలన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయి, అనేక గ్రామాలకు విద్యుత్తు, సమాచార సంబంధాలు దినాల తరబడి తెగిపోయినవి. మన్యం గ్రామాలలో మామూలు దినాలలో సైతం సంకేతం బలహీనంగా ఉండే చోట్లు ఉన్నవి. పాఠాలను ముందుగా దించుకొని ఉంచుకొనుట, ముద్రిత ప్రతులు దగ్గర ఉంచుకొనుట, అసైన్‌మెంట్లను చివరి తేదీ వరకు ఆపకుండుట ఇక్కడి విద్యార్థులకు అవసరమైన జాగ్రత్తలు.

ఇంట్లో ఒకే ఫోను ఉండి ముగ్గురు చదువుకొనవలసిన పరిస్థితి మరొక ఇబ్బంది. ఇటువంటి చోట సాధారణంగా ఇంటి ఆడపిల్ల వంతు చివరికి వస్తుంది. దగ్గరలోని ప్రభుత్వ గ్రంథాలయాన్ని ఉపయోగించుకొనుట, ఒకే కోర్సు చదివేవారు నలుగురు కలిసి వారానికొకసారి ఒకరి చిట్టా మరొకరు దిద్దుకొనుట ఖర్చు లేని మార్గాలు. ఒంటరిగా చదివేవారికి కనబడని సూత్రదోషాలు ఇటువంటి సహాధ్యయనంలో బయటపడతాయి.

ఇవి కూడా చూడండి

- ఆంధ్ర విశ్వవిద్యాలయం
- డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం
- డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం
- ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం
- తెలుగు అకాడమి
- వస్తుసేవల పన్ను